అరికాలి మందం, రాలే పళ్లు: పాపియాన్–లెఫెవ్ర్ వ్యాధి

పల్నాటి సేద్యంలో అరచేయి గట్టిపడటమూ, అరికాలు పగలటమూ రోగాలుగా లెక్కకు రావు. మిరపకాయలు కోసే చేతికీ, పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర రాయి మోసే చేతికీ, మాచర్ల నాపరాయిని చెక్కే చేతికీ కాయలు కాస్తాయనీ, రెంటచింతల ఎండల్లో నల్లరేగడి మీద నడిచే మడమ బీటలు వారక మానదనీ అక్కడ అందరికీ తెలిసిన సంగతే. ఒత్తిడి పడిన చోట చర్మం తనను తాను కాపాడుకోవడానికి మందమవుతుంది, ఒత్తిడి తప్పితే కొన్ని వారాల్లో మళ్లీ మెత్తబడుతుంది. అయితే పొలం గట్టు తొక్కని, ఇంకా నడకైనా కుదురుగా రాని పసిబిడ్డ అరికాళ్లు ముందు ఎర్రబారి, క్రమంగా పసుపు వన్నెకు తిరిగి, గట్టిపొర కట్టినప్పుడు ఆ మందానికి కారణాన్ని బిడ్డ పుట్టుకలోనే, తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువులలో వెదకవలసి ఉంటుంది. ఇటువంటి స్థితులన్నిటినీ కలిపి వైద్యులు పామోప్లాంటార్ కెరటోడెర్మా అంటారు. అరచేతుల, అరికాళ్ల చర్మం అతిగా కొమ్ముగట్టడం అని ఆ మాటకు అర్థం. ఈ కుటుంబంలోని పాపియాన్–లెఫెవ్ర్ సిండ్రోమ్ అనే అరుదైన వ్యాధి చర్మంతో ఆగక, యౌవనం పూర్తిగా రాకముందే నోటిలోని పళ్లన్నిటినీ రాల్చివేస్తుంది. మేనరికాలు నేటికీ సాగుతున్న తెలుగునేలలో ఈ వ్యాధి పేరు, దాని తీరు తెలిసి ఉండవలసిన అవసరం చాలా ఉంది.

అరచేయి, అరికాలు శరీరంలోని తక్కిన చర్మం వంటివి కావు. కనురెప్ప మీద బాహ్యచర్మం మందం మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు, అదే అరికాలిలో సుమారు మిల్లీమీటరున్నర ఉంటుంది. ఇక్కడ వెంట్రుకలు మొలవవు, నూనె స్రవించే గ్రంథులు ఉండవు, చెమట గ్రంథులు మాత్రం దట్టంగా ఉంటాయి. బాహ్యచర్మపు అడుగుపొరలో పుట్టిన కణాలు కొత్త కణాల వెనుక తోపుడుకు పైకి జరుగుతూ, దారిలో కెరటిన్ అనే నారవంటి ప్రోటీనుతో నిండి, చివరకు ప్రాణం కోల్పోయి పెంకుల్లా పేరుకుని, ఆపైన కంటికి కనిపించకుండా రాలిపోతాయి. పశువు కొమ్మును, మనిషి గోరును నిర్మించేది కూడా కెరటినే గనుక ఈ పైపొరకు కొమ్ముపొర అని పేరు వచ్చింది. కెరటిన్లలో అనేక రకాలున్నా, తొమ్మిదో కెరటిన్ మాత్రం దాదాపుగా అరచేతుల్లోనూ అరికాళ్లలోనూ మాత్రమే తయారవుతుంది, కనుక దానిని తయారుచేసే జన్యువులో దోషం వస్తే ఆ రెండు చోట్లే చర్మం చెడుతుంది. ఒక కుటుంబంలో మోచేయి వెనుక చర్మం మామూలుగానే ఉండి అరచేయి మాత్రం తోలులా బిగుసుకుపోవడానికి గల కారణాన్ని 1994లో తొమ్మిదో కెరటిన్ జన్యువులో దోషాలను కనుగొన్నప్పుడు శాస్త్రజ్ఞులు తొలిసారి స్పష్టంగా చూపగలిగారు.

ఈ వ్యాధుల చరిత్ర ఒక దీవిలో మొదలవుతుంది. ఆడ్రియాటిక్ సముద్రంలోని మ్లెట్ అనే చిన్న దీవిలో కొన్ని కుటుంబాలవారికి అరచేతులూ అరికాళ్లూ తొడుగు తొడిగినట్లు మందంగా ఉండటాన్ని దుబ్రోవ్నిక్ వైద్యుడు లూకా స్టూలీ 1826లో వర్ణించాడు. ఆ దీవికి ఇటాలియన్లు పెట్టిన మెలెడా అనే పేరే వ్యాధికీ స్థిరపడింది. తర్వాతి రెండు వందల ఏళ్లలో బయటపడిన రకాలు అనేకం. వాటిని వేరుచేయడానికి వైద్యులకు ఆధారమైనది చర్మం మందం కన్నా, చర్మంతోపాటు శరీరంలో మరెక్కడ ఏమి చెడింది అన్న ప్రశ్న. గ్రీసు దేశపు నాక్సోస్ దీవిలో గట్టి అరచేతులు, ఉన్నిలాంటి జుట్టు గలవారికి గుండె లయ తప్పి హఠాన్మరణం సంభవించే ముప్పు ఉందని 1986లో వెల్లడైంది. ఇంగ్లండులోని లివర్‌పూల్ కుటుంబాలలో అరికాళ్ల మందం అన్నవాహిక కాన్సరుకు ముందస్తు గుర్తు అని 1958లో తేలింది. టైరోసిన్ అనే అమైనో ఆమ్లాన్ని శరీరం సరిగా విడగొట్టుకోలేని ఒక రకంలో అరికాళ్లు నొప్పిగా గట్టిపడటంతోపాటు కళ్లు ఎర్రబడి నీరు కారుతూ వెలుతురును భరించలేవు. దీని సంగతి ప్రత్యేకంగా చెప్పవలసిందే, ఎందుకంటే టైరోసిన్, ఫీనైల్‌అలనిన్ తక్కువగా ఉండే ఆహారాన్ని వైద్యుల పర్యవేక్షణలో ఇస్తే ఆ కళ్లూ కాళ్లూ రెండూ బాగుపడతాయి. రక్తంలో టైరోసిన్ ఎంత ఉందో చూసే పరీక్ష చేయించకుండా ఇటువంటి బిడ్డకు లేపనాలు మాత్రమే రాస్తూ పోవడం అన్యాయమే అవుతుంది.

పాపియాన్, లెఫెవ్ర్ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు 1924లో ఒక అన్నాచెల్లెళ్ల జంటను పరీక్షించారు. పిల్లల తల్లిదండ్రులు దగ్గరి రక్తసంబంధీకులు. అరచేతులు, అరికాళ్లు రెండువైపులా సమానంగా గట్టిపడి ఉండటం చూసి వైద్యులు దానిని మెలెడా వ్యాధిగానే భావించి, తమ నివేదిక శీర్షికలో ఆ పేరు కూడా చేర్చారు. అయితే ఇద్దరి నోళ్లలోనూ దంతాలు తీవ్రంగా చెడి ఉండటాన్ని కూడా అదే శీర్షికలో నమోదు చేయడం వారి నిశితదృష్టికి నిదర్శనం. చర్మవైద్యులు నోరు తెరిపించి చూడకపోయి ఉంటే ఈ వ్యాధి మరికొంతకాలం మెలెడా చాటునే ఉండిపోయేది. 1964లో గార్లిన్, అతని సహచరులు ఈ వ్యాధిపై అప్పటివరకూ వచ్చిన సమాచారాన్ని క్రోడీకరించి, పది లక్షల మందిలో ఒకరి నుంచి నలుగురి దాకా దీని బారిన పడతారనీ, దోషం ఉన్న జన్యువును ఒక ప్రతిగా మోస్తూ ఆరోగ్యంగా ఉండేవారు వెయ్యికి ఇద్దరి నుంచి నలుగురి దాకా ఉంటారనీ అంచనా కట్టారు.

వ్యాధి గమనంలో ఒక విచిత్రమైన క్రమం ఉంది. పుట్టినప్పుడు బిడ్డ చర్మం సాధారణంగా బాగానే ఉండి, ఆరు నెలలకూ నాలుగేళ్లకూ మధ్య అరికాళ్లు, ఆ తర్వాత అరచేతులు ఎర్రబారతాయి. ఎరుపు మీద పొలుసులు లేస్తాయి, పొలుసుల కింద చర్మం ముదిరి పసుపు కలిసిన గోధుమరంగు పెంకుగా మారుతుంది. ఆ పెంకుకు స్పష్టమైన అంచు ఉంటుంది, అరికాలు దాటి మడమ వెనుక స్నాయువు మీదికీ, కొందరిలో మోకాళ్ల, మోచేతుల మీదికీ అది పాకుతుంది. చలికాలంలో పగుళ్లు లోతై రక్తం చిమ్ముతాయి, చెమట పట్టినప్పుడు పొర నాని దుర్వాసన వేస్తుంది. సరిగ్గా ఇదే కాలంలో నోటిలో రెండో కథ నడుస్తూ ఉంటుంది. పాలపళ్లు వేళకే, మంచి ఆకారంతోనే వస్తాయి, వచ్చిన కొద్దికాలానికే చిగుళ్లు వాచి, ముట్టుకుంటే రక్తం కారి, పంటి చుట్టూ చీము చేరుతుంది. పంటిని దవడకు పట్టి ఉంచే ఎముక కరిగిపోతూ ఉండటం వల్ల ఎక్స్‌రేలో పళ్లు దేనికీ అంటుకోకుండా గాలిలో తేలుతున్నట్లు కనిపిస్తాయి. పుచ్చు లేని పన్ను, తెల్లగా నిగనిగలాడే పన్ను, వేళ్లతో కదిపితే ఊగి చేతికి వస్తుంది. నాలుగైదేళ్లకే పాలపళ్లు పోతాయి. వింత ఏమిటంటే పళ్లు పోగానే చిగుళ్ల వాపు దానంతట అదే తగ్గి గులాబిరంగుకు వస్తుంది, ఇంట్లోవారు పీడ వదిలిందని ఊరట చెందుతారు. ఆరేడేళ్ల వయసులో శాశ్వత దంతాలు మొలవగానే అదే వాపు, అదే చీము తిరిగి మొదలై, చికిత్స అందకపోతే పదునాలుగు పదిహేనేళ్లకు నోరు బోసిపోతుంది. పళ్లు పోయాక చిగుళ్లు మళ్లీ శాంతిస్తాయి.

చిగుళ్లు ఇలా పన్ను ఉన్నంతకాలం మండి, పన్ను పోగానే చల్లారడానికి కారణం 1999లో బోధపడింది. పదకొండో క్రోమోజోము మీద ఉన్న ఒక జన్యువు, కెథెప్సిన్ సి అనే ఎంజైమును తయారుచేస్తుంది. అరచేయి, అరికాలు, మోకాలు, చిగురు, అంటే వ్యాధి కనిపించే చోట్లన్నిటా ఈ ఎంజైము ఎక్కువగా ఉంటుంది. ఆ జన్యువు రెండు ప్రతులూ చెడినవారికే ఈ వ్యాధి వస్తుందని రెండు పరిశోధక బృందాలు అదే ఏడాది నిరూపించాయి. ఈ ఎంజైము పని ఏమిటో తెలియాలంటే తెల్లరక్తకణాలలోకి వెళ్లాలి. సూక్ష్మజీవులు చొరబడినప్పుడు మొదట పరుగెత్తే తెల్లరక్తకణాలను న్యూట్రోఫిల్స్ అంటారు. వాటి సంచుల్లో ఎలాస్టేజ్, కెథెప్సిన్ జి, ప్రోటినేజ్ 3 అనే పదునైన ఎంజైములు ఆయుధాలుగా నిలువ ఉంటాయి. కణాన్ని లోపలి నుంచే కోసివేయకుండా ఆ ఆయుధాలు తయారయ్యేటప్పుడు ఒర తొడిగినట్లు రెండు అమైనో ఆమ్లాల తునక ఒకటి వాటి మొదట్లో అంటి ఉంటుంది. ఎముకమజ్జలో న్యూట్రోఫిల్ ఎదిగే దశలో ఆ తునకను కత్తిరించి ఆయుధాన్ని పదునుకు తెచ్చేది కెథెప్సిన్ సి. అది లేనప్పుడు ఆయుధాలు పనికిరానివై, కణంలోనే నశించిపోతాయి. ప్రోటినేజ్ 3 లేకపోవడం వల్ల ఎల్ఎల్–37 అనే సూక్ష్మజీవినాశక పదార్థం కూడా దాని మూలరూపం నుంచి విడుదల కాదు.

పంటికీ చిగురుకూ మధ్య ఉండే సన్నని సందు సూక్ష్మజీవులకు నిత్యనివాసం. ఆరోగ్యవంతులలో న్యూట్రోఫిల్స్ అక్కడ రాత్రింబవళ్లు కాపలా కాస్తూ వాటిని అదుపులో ఉంచుతాయి. ఈ వ్యాధి ఉన్నవారిలో న్యూట్రోఫిల్స్ అక్కడికి వస్తాయి గాని ఆయుధం లేక పోరు ముగించలేవు. పోరు ముగియక మరిన్ని కణాలు తరలివస్తాయి, ఎడతెగని వాపు చివరకు ఎముకనే తినివేస్తుంది. పన్ను ఊడగానే సందు మూసుకుపోతుంది, సూక్ష్మజీవులకు నెలవు పోతుంది, వాపుకు కారణం తొలగుతుంది. ఇన్ని ఆయుధాలు లేకపోయినా చాలామంది తక్కిన విషయాల్లో ఆరోగ్యంగానే జీవించడం శాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరచింది. అయినా కొందరిలో చర్మం మీద సెగగడ్డలు మాటిమాటికీ లేవడం, అరుదుగా కాలేయంలో చీముగడ్డ కట్టడం నమోదైన విషయాలే గనుక, ఈ వ్యాధి ఉన్న బిడ్డకు జ్వరం తగ్గకుండా కడుపు కుడివైపున నొప్పి వస్తే ఆలస్యం చేయరాదు.

ఒక ప్రతి చెడినా రెండో ప్రతి బాగుంటే చాలు, ఎంజైము తయారవుతుంది, మనిషి ఆరోగ్యంగా ఉంటాడు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ చెడినవే వచ్చిన బిడ్డకే వ్యాధి. దీనినే అంతర్గత లక్షణం అంటారు. రెండు చెడిన ప్రతులు ఒకే బిడ్డలో కలవడానికి సులువైన దారి, ఆ రెండూ ఒకే తాతముత్తాత నుంచి రెండు కొమ్మల గుండా దిగివచ్చి, పెళ్లి ద్వారా మళ్లీ కలుసుకోవడం. అరుదైన అంతర్గత వ్యాధులున్న పిల్లల తల్లిదండ్రులలో దగ్గరి చుట్టాలు ఎక్కువగా ఉంటారని 1902లోనే ఇంగ్లండు వైద్యుడు గారడ్ గమనించాడు. పాపియాన్–లెఫెవ్ర్ పిల్లల్లోనూ గణనీయమైన భాగం రక్తసంబంధీకుల సంతానమే.

మేనరికానికి పల్నాడులో రాతి మీద చెక్కిన సాక్ష్యం ఉంది. నేడు మాచర్ల ప్రాంతంలో సాగర్ నీటి మధ్య దీవిగా మిగిలిన నాగార్జునకొండ, క్రీస్తుశకం మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. ఆ వంశపు రాజు, శాంతమూలుడి కుమారుడు అయిన వీరపురుషదత్తుడు తన మేనత్తల కూతుళ్లను వివాహమాడినట్లు అక్కడి శాసనాలు చెబుతున్నాయి. మహాచైత్యానికి ఉదారంగా దానమిచ్చిన శాంతిశ్రీ అతనికి మేనత్తే, అత్తగారూ ఆమే. మరో మేనత్త హర్మ్యశ్రీ కుమార్తెలు కూడా అతని రాణులయ్యారు. ఆస్తి చెదరకుండా, పుట్టింటి బంధం తెగకుండా, ఆడపిల్ల తెలియని ఇంట కష్టపడకుండా ఉండాలన్న ఆలోచన ఈ ఆచారానికి పదిహేడు వందల ఏళ్లకు పైగా ప్రాణం పోస్తూ వచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా ఆంధ్రప్రదేశ్‌లోని వివాహిత స్త్రీలలో సుమారు నాలుగింట ఒకరు రక్తసంబంధీకులను చేసుకున్నవారే. పిఠాపురంలో పుట్టి, జె.బి.ఎస్. హాల్డేన్ వద్ద శిక్షణ పొందిన జన్యుశాస్త్రవేత్త ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి వివాహాల సంఖ్యపై, వాటి ఫలితాలపై 1963లోనే పరిశోధన పత్రం ప్రచురించారు. కాబట్టి ఇది తెలుగువారికి కొత్తగా బయటి నుంచి ఎవరో చెప్పిన విషయం కాదు.

లెక్క వేసి చూస్తే భయానికీ నిర్లక్ష్యానికీ మధ్య సరైన స్థానం ఏదో తెలుస్తుంది. సమాజంలోని ఈ జన్యు ప్రతులలో వెయ్యికి ఒకటి చెడినదనుకుంటే, చుట్టరికం లేని జంటకు పుట్టే పిల్లల్లో పది లక్షలకు ఒకరికి వ్యాధి వస్తుంది. మేనత్త, మేనమామ పిల్లల మధ్య జరిగిన పెళ్లిలో, భార్యాభర్తల ఉమ్మడి తాత లేక నాయనమ్మ, అమ్మమ్మల నుంచి వచ్చిన ఒకే ప్రతి బిడ్డకు రెండువైపుల నుంచీ అందే అవకాశం పదహారింట ఒకటి. దానిని లెక్కలోకి తీసుకుంటే ఆ పిల్లల్లో సుమారు పదహారు వేలకు ఒకరికి, అంటే అరవై రెట్లకు పైగా ఎక్కువమందికి వ్యాధి వస్తుంది. అక్క కూతురిని మేనమామ చేసుకున్న పెళ్లిలో ఆ అవకాశం ఎనిమిదింట ఒకటి గనుక, పిల్లల్లో సుమారు ఎనిమిది వేలకు ఒకరికి వస్తుంది. రెట్లు చూస్తే గుండె గుభేలుమంటుంది, అసలు సంఖ్య చూస్తే మేనరికపు జంటల్లో అత్యధికులకు ఈ వ్యాధి లేని పిల్లలే పుడతారని కూడా తెలుస్తుంది. ఇది ఒక్క వ్యాధి లెక్క మాత్రమే. ఇటువంటి అంతర్గత వ్యాధులు వందల సంఖ్యలో ఉన్నాయి, వాటన్నిటి ముప్పూ కలిసి వస్తుంది.

ఇంట్లో ఒక బిడ్డకు వ్యాధి కనిపించిన తర్వాత లెక్క పూర్తిగా మారిపోతుంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులని, అంటే చెడిన ప్రతిని ఒకటి చొప్పున మోస్తున్నారని తేలినట్టే కనుక, తర్వాతి ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది. ఒక బిడ్డకు వచ్చింది గనుక మిగతావారికి రాదనుకోవడం పొరపాటు, ప్రతి కాన్పూ లెక్కను మొదటి నుంచీ మొదలుపెడుతుంది. వ్యాధి ఉన్న అమ్మాయి పెద్దదై చుట్టరికం లేని వ్యక్తిని చేసుకుంటే, అతను వాహకుడయ్యే అవకాశం వెయ్యికి రెండే గనుక, ఆమె పిల్లలకు వ్యాధి వచ్చే ముప్పు వెయ్యింట ఒకటి. అదే అమ్మాయిని మేనమామ కొడుక్కిస్తే ముప్పు ఎనిమిదింట ఒకటికి, మేనమామకే ఇస్తే నాలుగింట ఒకటికి పెరుగుతుంది. బయటివారు చేసుకోరేమోనన్న దిగులుతో ఇటువంటి పిల్లను సొంతవాళ్లకే కట్టబెట్టాలని చూసే పెద్దలు ఈ మూడు సంఖ్యలనూ తప్పక తెలుసుకోవాలి. అంతకన్నా ముందు తెలుసుకోవలసింది మరొకటి ఉంది: బిడ్డ అరికాళ్లను చూసి ఇది తల్లి వంక నుంచి వచ్చిందని కోడలిని నిందించే ఇంట్లో, కొడుకు కూడా సరిగ్గా అంతే వాటా ఇచ్చి ఉంటాడు. ఒక్క వైపు నుంచి ఈ వ్యాధి రానే రాదు.

చుట్టరికం లేనంత మాత్రాన ముప్పు పూర్తిగా తొలగదు. ఒకే కులంలో, ఒకే శాఖలో తరతరాలుగా పెళ్లిళ్లు జరిగినప్పుడు ఎప్పటివో కొద్దిమంది పూర్వీకుల జన్యువులు అందరిలోనూ పరచుకుంటాయి. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, హార్వర్డ్ పరిశోధకులు కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, పరిశీలించిన 263 దక్షిణాసియా సముదాయాలలో 81 సముదాయాలకు ఇటువంటి ప్రభావం ఫిన్లాండు ప్రజలకన్నా, అష్కెనాజీ యూదులకన్నా బలంగా ఉందని తేలింది. పాపియాన్–లెఫెవ్ర్‌కు సోదరవ్యాధి అనదగిన హైమ్–మంక్ సిండ్రోమ్ ఇందుకు దక్షిణభారతం నుంచే దొరికే ఉదాహరణ. కేరళలోని కొచ్చి నుంచి ఇజ్రాయెల్‌కు వలస వెళ్లిన చిన్న యూదు సముదాయంలోని కొన్ని కుటుంబాలలో గట్టి అరచేతులు, ఊడే పళ్లతోపాటు సన్నగా పొడవైన వేళ్లు, వంకరతిరిగిన గోళ్లు ఉండటాన్ని 1965లో హైమ్, మంక్ వర్ణించారు. 2000లో పరీక్షించగా చెడినది అదే కెథెప్సిన్ సి జన్యువని వెల్లడైంది. తమలో తాము మాత్రమే పెళ్లిళ్లు చేసుకున్న ఆ సముదాయంలో ఎవరో ఒక పూర్వీకునిలో జరిగిన అక్షరదోషం వంటి మార్పు, సముద్రం దాటి హైఫా ఆసుపత్రిలో బయటపడింది.

పల్నాడు వంటి చోట ఈ వ్యాధిని పోల్చుకోవడంలో చిక్కు అంతా అది మామూలు వాటిలో కలిసిపోవడంలోనే ఉంది. బట్టీ సున్నం, సిమెంటు, ఎరువు తగిలి వచ్చే చేతి గజ్జి సాధారణంగా పనిచేసే పెద్దలకు వస్తుంది, దురద పెడుతుంది, పని మానితే తగ్గుతుంది. సోరియాసిస్ కూడా అరచేతుల్లో పొలుసులు లేపుతుంది, కాని అది ఒక్క అరచేతి వ్యాధి కాదు, తలలోనో గోళ్లలోనో దాని జాడ సామాన్యంగా దొరుకుతుంది. అన్నిటికన్నా బాధాకరమైనది కుష్ఠు అన్న అనుమానం. కుష్ఠులో నరం దెబ్బతిని స్పర్శ పోతుంది, ముల్లు గుచ్చినా తెలియదు. కెరటోడెర్మాలో స్పర్శ ఉంటుంది, ఇంకా చెప్పాలంటే పగుళ్ల వల్ల నొప్పి ఎక్కువగానే తెలుస్తుంది. కారం చేతితో మిరప కల్లంలో కాయ ఏరే పిల్లకు ఆ పగుళ్లలో మంట ఎలా ఉంటుందో అనుభవించినవారికే ఎరుక. దూదిపోచతో, సూదిమొనతో అరనిమిషంలో చేయగల స్పర్శపరీక్ష ఒక కుటుంబాన్ని ఊరి చూపుల నుంచి కాపాడగలదు. ఈ వ్యాధి అంటుకోదు, పక్కన కూర్చున్నా ఒకే కంచంలో తిన్నా రాదు. చర్మం కోసం ఒక వైద్యుని దగ్గరికి, పళ్ల కోసం మరొకరి దగ్గరికి తిరగడం వల్లనే రోగనిర్ధారణ ఏళ్లకేళ్లు ఆలస్యమవుతుంది. ఊగే పాలపళ్లతో వచ్చిన నాలుగేళ్ల బిడ్డ చెప్పులు విప్పించి అరికాళ్లు చూసిన దంతవైద్యుడూ, పగిలిన అరికాళ్లతో వచ్చిన బిడ్డ పెదవి ఎత్తి చిగుళ్లు చూసిన చర్మవైద్యుడూ ఆ నిమిషంలోనే రోగాన్ని పట్టుకోగలరు.

జన్యుదోషాన్ని సరిచేసే మందు ఇంకా లేదు, అయినా చేయగలిగినది కొద్దిగా కాదు. మందమైన పొరను నానబెట్టి, శాలిసిలిక్ ఆమ్లం లేదా యూరియా కలిసిన లేపనాలతో మెత్తబరచి, క్రమంగా పలుచన చేస్తారు. లేపనంలోని యూరియా, పొలానికి చల్లే యూరియా ఒకే రసాయనం కావచ్చు, అంతమాత్రాన ఎరువును నీళ్లలో కలిపి పగిలిన కాళ్లకు రాయడం ఎంతమాత్రం తగదు. పొర మరీ మందంగా ఉన్నవారికి విటమిన్ ఎ నుంచి రూపొందించిన అసిట్రెటిన్ వంటి మాత్రలు మంచి ఫలితమిస్తాయి. అవి కొమ్ముపొర తయారీ వేగాన్ని తగ్గిస్తాయి. అయితే గర్భంలోని శిశువుకు అవి తీవ్రమైన హాని చేస్తాయి, మాత్రలు మానిన తర్వాత కూడా మూడేళ్ల పాటు గర్భం దాల్చరాదు. పెళ్లీడు ఆడపిల్లలకు ఈ మందు రాసే వైద్యులు ఆ మాటను తల్లికీ బిడ్డకూ అర్థమయ్యేలా చెప్పి తీరాలి. కాలేయాన్నీ రక్తంలోని కొవ్వునూ ఎప్పటికప్పుడు పరీక్షిస్తూ ఉండాలి.

పళ్ల విషయంలో కాలమే అన్నిటికన్నా విలువైనది. వ్యాధి త్వరగా తెలిస్తే, చీము పట్టిన పాలపళ్లను శాశ్వత దంతాలు మొలిచే ముందే తీసివేసి, కొంతకాలం నోటిలో సూక్ష్మజీవులకు చోటు లేకుండా చేస్తారు. అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ వంటి యాంటీబయాటిక్‌లు ఇచ్చి, కొన్ని నెలలకొకసారి చిగుళ్లను లోతుగా శుభ్రపరుస్తూ వస్తే కొత్తగా వచ్చిన పళ్లలో కొన్నిటినైనా నిలుపుకోగలిగిన సందర్భాలు వైద్యసాహిత్యంలో ఉన్నాయి. నిలవని చోట పిల్లల వయసుకు తగ్గ కట్టుడుపళ్లు అమర్చి, ఎదుగుదల ఆగాక ఎముక మిగిలి ఉంటే ఇంప్లాంట్లు పెడతారు. పన్నెండేళ్ల పిల్లకు కట్టుడుపళ్లంటే తిండి నమలడానికి మాత్రమే అనుకోకూడదు, బళ్లో నోరు తెరిచి పాఠం చదవడానికి కూడా అవే ఆధారం. నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాలవారికి గుంటూరులోని ప్రభుత్వ సమగ్ర వైద్యశాలలో చర్మవైద్య విభాగం, ఆ నగర పరిసరాల్లోనే దంతవైద్య కళాశాల అందుబాటులో ఉన్నాయి. జన్యుపరీక్షకూ, తర్వాతి కాన్పు గురించి సలహాకూ హైదరాబాదులోని నిమ్స్, సీడీఎఫ్‌డీ సంస్థలు ఉన్నాయి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం ఆ రెంటినీ కలిపి ఒక విశిష్ట కేంద్రంగా గుర్తించింది. దోషం ఏ అక్షరంలో ఉందో ఒక బిడ్డలో తేలితే, ఆ కుటుంబంలో పెళ్లి కావలసిన ప్రతి మేనబావకూ మరదలికీ వాహకత్వ పరీక్ష సులభమవుతుంది.

చికిత్సలో ఎక్కడా కనిపించని ఒక అవస్థ రేషను దుకాణంలో ఎదురవుతుంది. ముదిరిన చర్మం కింద వేలిగీతలు అణగిపోయినప్పుడు యంత్రం వేలిముద్రను గుర్తించదు, బొటనవేలు తుడిచి తుడిచి పెట్టినా పడదు. ఆధార్ వ్యవస్థలో కనుపాప ద్వారా నమోదుకూ, గుర్తింపుకూ వీలుంది. వ్యాధి పేరు రాసి ఉన్న వైద్యపత్రం చేతిలో ఉంటే ఆ వెసులుబాటును అడగడానికి నోరు పెగులుతుంది.

పాపియాన్–లెఫెవ్ర్ పిల్లల రక్తం మరో గుంపు రోగులకు దారి చూపింది. ఊపిరితిత్తుల గొట్టాలు సాగిపోయి కఫం, చీము నిలిచిపోయే బ్రాంకియెక్టాసిస్ అనే వ్యాధిలో హాని చేసేది న్యూట్రోఫిల్ ఆయుధాలే, అవి అక్కడ అతిగా వెలువడి ఊపిరితిత్తినే కోసివేస్తాయి. కెథెప్సిన్ సి లేకుండా పుట్టినవారి న్యూట్రోఫిల్స్‌లో ఆ ఆయుధాలు ఉండవనీ, అయినా వారిలో చాలామంది బతికి పెద్దవారవుతారనీ తెలిసినందువల్ల, ఆ ఎంజైమును మందుతో కొంతమేరకు అణచివేస్తే ఊపిరితిత్తులు తేరుకుంటాయేమోనన్న ఆలోచన పుట్టింది. బ్రెన్సోకెటిబ్ అనే ఆ మందు మీద జరిగిన ఒక ముఖ్యమైన పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి, 2025 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిని ఆమోదించింది. ఆ పరీక్షలలో పాల్గొన్న పెద్దల ఊపిరిని కొలిచిన వైద్యులు, వారి చిగుళ్లను, చర్మాన్ని కూడా ప్రత్యేకంగా గమనిస్తూ వచ్చారు, నేడు ఆ మందు సమాచారపత్రంలో చిగుళ్ల వాపు గురించీ చర్మం కొమ్ముగట్టడం గురించీ హెచ్చరిక అచ్చయి ఉంది.